చెన్నై గాలిలో పాలిష్ ఎందుకు తెల్లబడుతుంది?

చెన్నైలో కొత్త ఇంటి పాలిష్ పనికి ఎవరూ ముహూర్తం పెట్టించరు. అయినా అది ఏటా ఒకే వేళకు వచ్చి పడుతుంది. మార్గళి, అంటే మన ధనుర్మాసం, మొదలైతే గృహప్రవేశాలు ఉండవు. కాబట్టి ఆలోపే పాలు పొంగించాలి. పాత ఇంటివాళ్లకైతే దీపావళి గడువు, అది దాటితే సంక్రాంతి గడువు. వడ్రంగి పని అనుకున్న తేదీకి ముగిసిన ఇల్లు ఎక్కడా ఉండదు గనుక, తలుపులూ కప్‌బోర్డులూ పాలిష్‌వాళ్ల చేతికి వచ్చేసరికి నవంబరు నడుస్తుంటుంది. నగరంలో ఏడాదికి పడే దాదాపు 1,400 మిల్లీమీటర్ల వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్యే పడుతుంది. డబ్బా మూత తీయకూడని రోజులు ఏవైతే ఉన్నాయో, పంచాంగం సరిగ్గా ఆ రోజుల్లోనే తీయిస్తుంది.

అప్పుడు జరిగేది చాలామంది చూసిందే. పొద్దున వేసిన కోటు సాయంత్రానికి పాలు ఒలికి ఆరిపోయినట్టు తెల్లగా మసకబారుతుంది. ఇంటాయన సరుకు డూప్లికేట్ అంటాడు. పాలిష్ మేస్త్రి థిన్నర్ మంచిది కాదంటాడు. షాపువాడు మేస్త్రికి కలపడం రాదంటాడు. ఎక్కువసార్లు ముగ్గురి మాటా తప్పే. ఆ తెలుపు నీళ్లది. పైనుంచి పడిన నీళ్లు కావు, గాలిలోంచి దిగిన నీళ్లు.

శానిటైజర్ చేతికి రాసుకుంటే చల్లగా తగులుతుంది కదా. ఆవిరైపోయే ద్రవం ఏదైనా తాను ఉన్న చోటు నుంచి వేడిని లాక్కుపోతుంది. పాలిష్‌లోని థిన్నర్ కూడా అంతే, చెక్క పైభాగాన్ని కొన్ని డిగ్రీలు చల్లబరుస్తుంది. మరోవైపు చల్లటి మజ్జిగ గ్లాసు బయట చెమట పట్టడం అందరికీ తెలుసు. గాలి కన్నా కొంత చల్లగా ఉన్న దేని మీదైనా గాలిలోని ఆవిరి నీరై కూర్చుంటుంది. ఎంత చల్లగా ఉంటే కూర్చుంటుందన్నది తేమను బట్టి ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో గాలి తేమ 80 శాతం ఉంటే, 26 డిగ్రీలకే ఆవిరి నీరవుతుంది. అంటే పలక నాలుగు డిగ్రీలు చల్లబడితే చాలు. అదే వేడిలో తేమ 60 శాతమే ఉంటే పలక ఎనిమిది, తొమ్మిది డిగ్రీలు చల్లబడాలి. థిన్నర్ నాలుగు డిగ్రీలు సులువుగా చల్లబరుస్తుంది, తొమ్మిది డిగ్రీలు అంత సులువుగా చల్లబరచలేదు. బెంగళూరులో మార్చి మధ్యాహ్నం తేమ 30 శాతం దగ్గరికి పడిపోయినప్పుడు ఈ గొడవే ఉండదు. అందుకే అక్కడ పని నేర్చి వచ్చిన మంచి మేస్త్రి కూడా ఇక్కడి మొదటి వానకాలంలో అవస్థ పడతాడు.

చెన్నైలోనూ రోజంతా ఒకేలా ఉండదు. తెల్లవారుజామున తేమ బాగా ఎక్కువ. ఎండ ఎక్కేకొద్దీ తగ్గుతుంది, సముద్రగాలి రాగానే మళ్లీ పెరుగుతుంది. ఆ గాలి బీసెంట్ నగర్‌కు ముందు చేరుతుంది, అంబత్తూరుకు ఆలస్యంగా చేరుతుంది. కాబట్టి తీరం దగ్గర ఇంట్లో స్ప్రే చేయడానికి దొరికే మంచి గంటలు తక్కువ. కొన్ని వందల రూపాయలకు దొరికే, గాలి తేమ చూపించే హైగ్రోమీటరును గోడకు తగిలించుకుంటే ఈ విషయంలో ఊహాగానాలు అక్కర్లేదు. వేలు పోసి స్ప్రే గన్ కొని, ఈ చిన్న మీటరు కొనని వర్క్‌షాపులే ఎక్కువ.

రిటార్డర్ అనే నెమ్మదిగా ఆవిరయ్యే థిన్నర్‌ను కొంచెం కలిపితే చల్లబడే వేగం తగ్గుతుంది, తెలుపు తగ్గుతుంది. కానీ ఎక్కువ కలిపితే కోటు రోజుల తరబడి మెత్తగా ఉండి, తలుపు వేస్తే ఫ్రేముకు అంటుకుంటుంది. చేయి తిరిగినవాళ్లు అసలు థిన్నర్‌లో పదో వంతుకు మించనివ్వకుండా, ముందు ఒక పనికిరాని ముక్క మీద వేసి చూస్తారు.

పాలిష్ ఆరే తీరులు మూడు

షాపులో అడిగే మొదటి ప్రశ్న "గ్లాసీనా, మ్యాటా?" అడగాల్సింది "ఇది ఎలా ఆరుతుంది?" అని. పేర్లు ఎన్ని ఉన్నా చెక్క మీద వేసేవన్నీ మూడు రకాలుగానే ఆరతాయి. కొన్నింటిలో ద్రవం ఆవిరై గట్టి పదార్థం మిగులుతుంది. కొన్ని గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడతాయి. ఇంకొన్నింటిలో, గట్టిపడటానికి కలిపిన హార్డెనర్‌తో రసాయన చర్య జరుగుతుంది. వానలో ఏది మొరాయిస్తుంది, గీత పడితే ఏది అతుకుతుంది, వాసన ఎన్నాళ్లుంటుంది అన్నవన్నీ ఇందులోంచే వస్తాయి.

మొదటి రకంలో పెద్దది లక్క. మోదుగ, రేగు, కుసుమ్ చెట్ల కొమ్మల మీద లక్కపురుగు కట్టే గూడు ఇది. జార్ఖండ్ దీనికి పెద్ద నెలవు. రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో దీని కోసం 1924లోనే పరిశోధన సంస్థ పెట్టారు. చపడా పేరుతో అమ్మే ఆ పలుచటి రేకుల్ని స్పిరిట్‌లో నానబెట్టి, దూది చుట్టిన గుడ్డతో రుద్దితే ఫ్రెంచ్ పాలిష్. కొత్త కోటు పాత కోటును కరిగించుకుని అందులో కలిసిపోతుంది కాబట్టి అతుకు కనబడదు. ఇంత సులువుగా రిపేరయ్యేది మరొకటి లేదు. గాలిలోని ఆవిరిని కూడా లక్క బాగా అడ్డుకుంటుంది. అడ్డుకోలేనిది నిలిచిన నీళ్లను, వేడిని, స్పిరిట్‌ను. తడి గ్లాసు పెడితే తెల్ల వలయం, వేడి గిన్నె పెడితే మచ్చ. నానబెట్టిన లక్క ఏడాది దాటితే సరిగా ఆరదు, జిగటగా ఉండిపోతుంది. మూత సరిగా పెట్టని స్పిరిట్ గాలిలోంచి నీళ్లు తాగుతుంది, ఆ నీళ్లు తిరిగి తెలుపుగానే కనబడతాయి. చెన్నైలో ఫ్రెంచ్ పాలిష్ పాడైందంటే ముందు అనుమానించాల్సింది సగం ఖాళీ అయిన స్పిరిట్ క్యాన్‌ను.

ఇక్కడ ఏటికొప్పాక గుర్తుకు రావాలి. అనకాపల్లి జిల్లాలోని ఆ ఊరి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంకుడు కర్రను తిరుగుడు యంత్రం మీద తిప్పుతూ రంగు కలిపిన లక్క కడ్డీని ఒత్తి పట్టుకుంటారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. బెంగళూరు పక్కన చన్నపట్నలోనూ ఇదే పద్ధతి. అందులో స్పిరిట్ లేదు, థిన్నర్ లేదు, కాబట్టి చల్లబడటం లేదు, తెల్లబడటం లేదు. వానకాలంలో కూడా ఆ బొమ్మ మెరుస్తూనే దిగుతుంది. బీరువా తలుపును అలా తిప్పలేం, అంతే తేడా.

ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్ కూడా ఆవిరై ఆరేదే. త్వరగా ఆరుతుంది కాబట్టి దుమ్ము తక్కువ పడుతుంది, త్వరగా ఆరుతుంది కాబట్టే అన్నిటికన్నా ముందు తెల్లబడుతుంది. అయితే తెల్లబడినా గాభరా పడనక్కర్లేదు. పొడిగా ఉన్న రోజున పలుచగా థిన్నర్, రిటార్డర్ కలిపి పైన స్ప్రే చేస్తే పొర కరిగి, చిక్కుకున్న నీళ్లు బయటికి పోతాయి. లక్కకూ ఇదే వైద్యం పనిచేస్తుంది, మందు మాత్రం స్పిరిట్.

మెలమైన్‌కు ఈ వైద్యం కుదరదు. అది ఆమ్లపు హార్డెనర్‌తో గట్టిపడుతుంది. ఒకసారి గట్టిపడ్డాక థిన్నర్‌కు కరగదు. తెల్లబడితే ఉప్పు కాగితంతో రుద్ది మళ్లీ వేయాల్సిందే. వాన రోజున తొందరగా ఆరాలని హార్డెనర్ నాలుగు చుక్కలు ఎక్కువ పోయడం చెన్నైలో బాగా కనిపించే అలవాటు. ఆ రోజుకు పని గడుస్తుంది, కొన్ని నెలలకు సన్నటి పగుళ్లు వస్తాయి. కొలత గ్లాసు ఉన్న పాలిష్‌వాళ్లను వెతకడం, తక్కువ రేటు చెప్పినవాళ్లను వెతకడం కన్నా మేలు. మెలమైన్ గట్టిపడేటప్పుడు ఫార్మాల్డిహైడ్ వాయువు వదులుతుంది. కొత్త కప్‌బోర్డు తెరవగానే కళ్లు మండేది దానివల్లే. గృహప్రవేశానికి రెండు రోజుల ముందు మెలమైన్ పూర్తిచేసి, తలుపులు మూసి, మూడో రోజు పసిపిల్లలతో అదే గదిలో పడుకోవడం తెలివైన పని కాదు.

టూ ప్యాక్ పీయూ, అంటే రెండు డబ్బాల సరుకు కలిపి వేసే పాలీయురేథేన్, అన్నిటికన్నా గట్టిది. నీళ్లకు, వేడికి, గీతలకు ఆగుతుంది. దాని హార్డెనర్‌లో ఉండే ఐసోసయనేట్‌కు మాత్రం నీళ్లంటే వల్లమాలిన ఇష్టం. అసలు కలవాల్సిన దానితో కాకుండా గాలిలోని తేమతో కలిసిపోతుంది, అప్పుడు కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. సోడా బుడగల్లాంటి చుక్కలు పొరలో మిగిలిపోతాయి. వానలో మెలమైన్ తెల్లబడితే పీయూ బుడగలు కక్కుతుందన్నమాట. ధర ఎక్కువ కాబట్టి వాతావరణాన్ని తట్టుకుంటుందని అనుకోవడం పొరపాటు. తట్టుకునేది ఆరిన తర్వాతే.

నూనెల సంగతి త్వరగా తేలిపోతుంది. అవిసె నూనె, టంగ్ నూనె ఆక్సిజన్‌తో గట్టిపడతాయి, చెక్క చెక్కలాగే కనబడుతుంది. కానీ తేమను దాదాపు ఆపవు. మూసి ఉంచిన చెన్నై గదిలో పచ్చి అవిసె నూనె రాసిన చెక్క మీద బూజు పట్టడం మామూలే. ముట్టుకునే వస్తువులకు, పీటలకు, చెక్క హ్యాండిళ్లకు నూనె బాగుంటుంది. వార్డ్‌రోబుకు దండగ. టేకుకు, ఇరుగుడుకు ఇంకో చిక్కు ఉంది. ఈ కలపల్లో సహజంగా ఉండే నూనె పదార్థాలు నూనె వార్నిష్‌ను ఆరనివ్వవు. వారం దాటినా చేతికి అంటుతుంది. పాలిష్‌కు ముందు థిన్నర్ గుడ్డతో తుడిచి, మైనం తీసిన లక్కతో ఒక పలుచటి కోటు వేస్తే ఆ పేచీ తీరుతుంది.

ఇంట్లో రంగూన్ టేకు బీరువానో, తాతల నాటి ఊయల బల్లో ఉన్నవాళ్లకు ఈ మూడు తీరులు ఇంకో విధంగా పనికొస్తాయి. వెనక వైపు కనిపించని చోట స్పిరిట్ చుక్క వేసి నిమిషం ఆగాలి. జిగటగా మారితే అది లక్క. స్పిరిట్‌కు చలించకుండా థిన్నర్‌కు కరిగితే ఎన్‌సీ. రెండింటికీ కదలకపోతే మెలమైన్ లేదా పీయూ. లక్క అని తేలిన పాత సామాను మీద మెషిన్ పెట్టి మొత్తం గీకేయడం నిజంగా అన్యాయం. స్పిరిట్‌తో తుడిచి, కొత్త లక్క రుద్దితే సరిపోయేదానికి, వందేళ్ల రంగు తేలిన పైపొరను పొడి చేసి ఊడ్చేస్తారు.

పాలిష్ కింద కలప

ఎంత మంచి పాలిష్ అయినా కలప తేమను తీసుకోవడాన్ని, వదలడాన్ని పూర్తిగా ఆపలేదు, నెమ్మది చేస్తుంది. రెడ్‌హిల్స్ వైపు కలప డిపోలో వానకాలమంతా ఉన్న టేకును తీసుకోండి. గాలి తేమ 80 శాతం ఉన్నచోట కలపలో నీరు దాదాపు 16 శాతం దగ్గర నిలుస్తుంది. ఆ కలపతో చేసిన టేబులును ఏసీ వేసిన ఫ్లాట్‌లో, 50 శాతం తేమలో పెడితే, కొన్ని నెలల్లో 9 శాతానికి దిగుతుంది. 30 సెంటీమీటర్ల వెడల్పు పలక, కోసిన తీరును బట్టి, 2 నుంచి 4 మిల్లీమీటర్లు కుదించుకుంటుంది. తలుపు ఫ్రేములో ఇమిడిన పలక అంచున పాలిష్ లేని తెల్లటి గీత బయటపడేది అందుకే. దాన్ని పాలిష్ ఊడిపోయిందంటారు. ఊడిపోలేదు, అక్కడ ఎప్పుడూ వేయలేదు. పలకను ఫ్రేములో బిగించకముందే అన్ని వైపులా ఒక కోటు వేస్తే కదిలినా గీత కనబడదు. ఒక వైపే పాలిష్ చేసి వెనక వైపు వదిలేస్తే రెండు వైపులా తేమ వేరువేరు వేగాలతో కదులుతుంది, పలక అప్పడంలా వంగుతుంది.

కలపలో ఎంత నీరు ఉండవచ్చన్నది చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 287 దేశాన్ని గాలి తేమను బట్టి నాలుగు మండలాలుగా విడదీసింది. సగటు తేమ 67 శాతం దాటే ప్రాంతాలు నాలుగోదాంట్లోకి వస్తాయి. కానీ ఆ లెక్క బయటి గాలిది. ఏసీ లోపల ఉన్న పడకగది వేరే మండలం, దాదాపు వేరే ఊరు. కొనేటప్పుడు తేమ మీటరు గుచ్చి చూడటానికి డిపోవాళ్లు మొహమాటపడితే ఆ డిపో వదిలేయవచ్చు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు నీళ్లలో నిలిచిన ఇళ్లలో చాలామంది చేసిన తప్పు ఒకటే. బయటికి ఆరినట్టు కనబడగానే కొత్త పాలిష్ వేయించారు. లోపల నిండిన నీరు బయటికి వచ్చే దారి మూసుకుపోయింది, పొర బొబ్బలెక్కింది. గట్టి టేకు అయినా సరే, నీడలో గాలి ఆడేలా వారాల పాటు ఉంచి, మీటరు చూశాకే డబ్బా తెరవాలి. ఉబ్బిన పార్టికల్ బోర్డుకు మాత్రం ఏ చికిత్సా లేదు.

పనిముట్ల లెక్క

పాలిష్‌లో సగం పని ఉప్పు కాగితానిది. తెలుగు వడ్రంగీ, తమిళ ఆసారీ ఇద్దరూ ఉప్పు పేరుతోనే పిలిచే ఈ కాగితం దగ్గరే అందరూ పిసినారితనం చూపిస్తారు. అరిగిన కాగితం కోయదు, నొక్కి మెరుగుపెడుతుంది. అలా మెరుగుపెట్టిన చోట స్టెయిన్ (చెక్కకు పట్టించే రంగు) పట్టదు. 120 నంబరు కాగితంతో మొదలుపెట్టి, 180, 220 దాకా వరుసగా వెళ్లాలి, మెట్టు దాటేయకూడదు. శాండర్ మెషిన్ వాడినా చివరి విడత చేత్తో, చెక్క నార వెంట రుద్దాలి. లేకపోతే మెషిన్ గీసిన సున్నాలు స్టెయిన్ వేశాక ఒక్కసారిగా లేస్తాయి. వాటిని ముందే పట్టుకోవాలంటే లైటును పలకకు పక్కగా, వాలుగా పెట్టి చూడాలి. నెత్తిమీది ట్యూబ్‌లైట్ అన్ని తప్పులనూ దాచిపెడుతుంది. పాత మేస్త్రులు పగిలిన గాజు పెంకుతో గీకి నునుపు తెచ్చేవారు. స్టీలు రేకు స్క్రేపర్ చేసేదీ అదే, వేళ్లు మాత్రం మిగులుతాయి.

మ్యాట్ ఫినిష్ కావాలనుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటి ఉంది. మెరుపు తగ్గించడానికి ఆ డబ్బాలో సిలికా పొడి కలుపుతారు. అన్ని కోట్లూ మ్యాటే వేస్తే పొర మబ్బుగా తయారై టేకు నార కనబడదు. కింది కోట్లు గ్లాసీ వేసి, ఆఖరి కోటు మాత్రమే మ్యాట్ వేయాలి.

కంప్రెసర్ విషయంలో చెన్నైకి ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. గాలిని నొక్కితే అందులోని ఆవిరి నీరై ట్యాంకు అడుగున చేరుతుంది. ఆ నీళ్లను రోజూ వదలకపోతే, పైపులో నీరు పట్టే ట్రాప్ లేకపోతే, గన్ పాలిష్‌తో పాటు నీళ్లు కూడా ఉమ్ముతుంది. వానలేని రోజున కూడా తెల్ల చుక్కలు వస్తున్నాయంటే ముందు ట్యాంకు కింది మర విప్పి చూడాలి.

ఇనుప పనిముట్లకు తుప్పు ఇంకో బాధ. తేమ 60 శాతం దాటితే మొదలవుతుంది, ఉప్పు గాలి తగిలితే ఇంకా ముందే. ఉలి, రందా వాడిన వెంటనే పొట్టు దులిపి, కుట్టు మిషన్ నూనె గుడ్డతో తుడిస్తే చాలు. సిలికాన్ స్ప్రే మాత్రం పాలిష్ చేసే గదిలోకి రానివ్వకూడదు. దాని తుంపర పడ్డ చోట పాలిష్ నిలవదు, చేపకళ్లలాంటి గుంటలు పడతాయి.

ఒక అలవాటును మాత్రం గట్టిగా తప్పుపట్టాలి. మన్నడి వీధుల్లో చెక్క కోసే బ్లేడు కొని, దాన్ని నాలుగంగుళాల గ్రైండరుకో, మార్బుల్ కట్టరుకో బిగించడం. ఆ మెషిన్లు నిమిషానికి 11 వేల నుంచి 13 వేల చుట్లు తిరుగుతాయి. చెక్క కోసే సర్క్యులర్ సా దాదాపు 5 వేలే తిరుగుతుంది. గ్రైండర్ గార్డు చెక్క పళ్ల బ్లేడు కోసం చేసింది కాదు, చాలాచోట్ల అసలు ఉండదు కూడా. బ్లేడు చెక్కలో బిగిస్తే మెషిన్ మనిషి మీదికి ఎగురుతుంది. పాలిష్‌కు చదరపు అడుగుకు రేటు బేరమాడే ఇంటాయన, తన ఇంట్లో కోత దేనితో జరుగుతోందో కూడా ఒకసారి చూడాలి.

చెక్క పొడిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, మనుషులకు క్యాన్సర్ తెస్తాయని తేలిన వాటి జాబితాలో 1995లోనే చేర్చింది. దానికి ఎన్95 మాస్కు పనికొస్తుంది. థిన్నర్ ఆవిరికి పనికిరాదు, కార్బన్ కాట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. పీయూ హార్డెనర్ ప్రమాదకర స్థాయికి చేరినా వాసన హెచ్చరించదు, అందుకే మనుషులు కాపురముంటున్న ఫ్లాటులో టూ ప్యాక్ పీయూ స్ప్రే చేయించకపోవడమే మంచిది. నీటి ఆధారిత పీయూ ఆ చోటికి బాగా సరిపోతుంది, వానలో నెమ్మదిగా ఆరుతుంది అంతే. అవిసె నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. తీగ మీద విప్పి ఆరేయాలి, లేదా నీళ్ల బకెట్‌లో వేయాలి.

ఇక మిగిలింది గడప. శుక్రవారం కడిగి పసుపు రాసే గడపకు ఏ పొరా ఎక్కువ కాలం నిలవదు. సబ్బు నీళ్లు తగిలితే పసుపు ఎర్రబడుతుంది, క్షారానికి దాని గుణమే అంత. దాన్ని పాలిష్ తప్పని తిట్టనక్కర్లేదు. గడప పైభాగాన్ని ఏటా నూనెతో సరిపెట్టి, మెరిసే పొరను తలుపుకే ఉంచుకోవడం మేలు. అసలు నీళ్లు దూరేది ద్వారబంధం కాళ్ల అడుగు నుంచి, తలుపు కింది అంచు నుంచి. నార తెగిన ఆ కొనలు గడ్డిపరకల కట్టలా నీళ్లు పీలుస్తాయి. కనబడవు గనుక అక్కడ ఎవరూ సీలర్, అంటే చెక్క రంధ్రాలు మూసే కోటు, వేయరు. ద్వారబంధం నిలబెట్టేశాక దాని కాళ్లను చూడలేం గానీ, తలుపు సంగతి చూడొచ్చు. మేస్త్రికి ఆఖరి డబ్బులు ఇచ్చేముందు సెల్‌ఫోన్ సెల్ఫీ కెమెరా ఆన్ చేసి తలుపు కింది సందులోకి పెడితే, కోటు వేశారో లేదో అందులోనే కనబడుతుంది.